కూర్చుంటే బీపీ బాగానే ఉంది, లేస్తే కళ్ళు బైర్లు

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి 71 ఏళ్ళు. బీపీ పదకొండేళ్ళుగా, షుగర్ ఆరేళ్ళుగా ఉంది. ఇంతకాలం ఆమ్లోడిపిన్ వాడేవారు. కాళ్ళు వాస్తున్నాయని రెండు నెలల క్రితం ఇక్కడి డాక్టరుగారు దాన్ని మార్చి టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర రాశారు. అప్పట్నుంచి పొద్దున మంచం మీంచి లేస్తే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయంటున్నారు. మొన్నామధ్య ఓ తెల్లవారుజామున బాత్రూంకి వెళ్ళి వస్తూ గోడ పట్టుకుని కూలబడిపోయారు. దెబ్బలేమీ తగల్లేదు. డాక్టరుగారు కూర్చోబెట్టి బీపీ చూసి, 136/80 ఉంది, బాగానే ఉందన్నారు. పక్కింటివాళ్ళేమో అది నీరు తీసే బిళ్ళ, ఒంట్లో సత్తువంతా మూత్రంలో పోతుందన్నారు. నాన్నగారు భయపడి ఐదు రోజులుగా మానేశారు. కళ్ళు తిరగడం తగ్గింది గానీ నిన్న బీపీ 176/94 చూపించింది. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ప్రోస్టేట్‌కి శ్రీకాకుళంలో చూపించాం, రాత్రిపూట టామ్సులోసిన్ వేసుకుంటారు. ఆ బీపీ మాత్ర మళ్ళీ మొదలుపెట్టాలా? నీరు తీసే మందు వల్ల గుండె, నరాలు దెబ్బతింటాయా? వచ్చే వారం గుణుపురం నుంచి వచ్చే పాసింజర్లో విశాఖపట్నం వెళ్ళాలి. ప్రయాణం రోజు మాత్ర మానెయ్యొచ్చా?

జవాబు:

అమ్మా,

ముందు మాత్ర సంగతి. మీ నాన్నగారు మానేసింది ఒక మందు కాదు, రెండు. ఆ బిళ్ళలో హైడ్రోక్లోరోథయజైడ్ అనే నీరు తీసే మందుతో పాటు టెల్మిసార్టన్ కూడా ఉంది. మొదటిదాని మీద అనుమానంతో రెండోదాన్ని కూడా పోగొట్టుకున్నారు. రెండూ ఒకేసారి ఆగిపోయాయి కాబట్టే బీపీ 176కి ఎక్కింది. అలాగని ఇవాళే మళ్ళీ వేసెయ్యమని నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను, ఒకసారి కూలబడిన మనిషి ఆయన. రేపే ఆ డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళండి. ఆ రెండు మందుల్నీ విడదీసి ముందు టెల్మిసార్టన్ ఒక్కటే ఇవ్వొచ్చు, నీటి మందు మోతాదు తగ్గించొచ్చు, లేదా వేరేది రాయొచ్చు. ఆయన చేతిలో చాలా దారులున్నాయి. కాకపోతే మీరు వట్టి చేతులతో వెళ్ళకూడదు. ఇంట్లో తీసిన కొన్ని అంకెలు పట్టుకెళ్ళాలి. అవేమిటో, ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పాలనే ఈ జవాబు కొంచెం పెద్దదిగా రాస్తున్నాను.

మొదట మీ నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక విషయం విడమర్చి అడగండి. 'కళ్ళు తిరుగుతున్నాయి' అని మనం నాలుగైదు రకాల బాధలకు ఒకటే మాట వాడేస్తాం. ఇల్లంతా గిర్రున తిరుగుతున్నట్టుంటే అది ఎక్కువగా చెవి లోపలి బాధ. నడుస్తుంటే తూలిపోవడం వేరు. లేచి నిలబడగానే కళ్ళ ముందు చీకట్లు కమ్మి, కాళ్ళలో బలం పోయి, మళ్ళీ కూర్చుంటే నిమిషంలో సర్దుకోవడం వేరు. మీరు రాసింది ఈ చివరిదానిలాగే ఉంది. మీ ఊళ్ళో చాలామంది ఇంట్లో తెలుగు, ఆస్పత్రిలో ఒడియా మాట్లాడతారు. నాన్నగారు చెప్పిన నాలుగు ముక్కల్ని మీరు ఒడియాలో ఒక్క మాటగా కుదించి 'తల తిరుగుతోందట' అని చెప్పి ఉంటే, డాక్టరుగారికి అసలు సంగతి చేరకపోయే వీలుంది. ఏ భాషలో చెప్పినా 'లేచినప్పుడే వస్తుంది, కూర్చుంటే పోతుంది' అన్న ముక్క మాత్రం విడిచిపెట్టొద్దు.

ఇప్పుడు ఒంట్లో జరిగేది చూద్దాం. మనం పడుకున్న మనిషిమి లేచి నిలబడితే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగిపోతుంది. గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది, బీపీ పడబోతుంది. మెడలో దవడ కింద నాడి కొట్టుకునే చోట, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని వంపులో రక్తనాళాల గోడల్లో సాగుదలని కనిపెట్టే నరాల కొసలుంటాయి. ఒత్తిడి తగ్గగానే ఆ సంగతి మెదడు అడుగుభాగానికి చేరుతుంది. అక్కడి నుంచి గుండెకి 'వేగం పెంచు' అని, కాళ్ళలోని, పొట్టలోని రక్తనాళాలకి 'బిగుసుకో' అని కబురు వస్తుంది. ఇదంతా మనకి తెలియకుండా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది. దీన్నే బారోరిఫ్లెక్స్ అంటారు.

మీ వైపు వంశధార కాలవల మీద లష్కర్లుంటారు కదా. దిగువ పొలాలకి నీళ్ళు ఎక్కువగా జారిపోతే లష్కరు వెళ్ళి ఓ రెండు తూములు దించుతాడు, కాలవలో మట్టం నిలబడుతుంది. ఒంట్లో ఈ రిఫ్లెక్స్ చేసేది ఆ లష్కరు పనే. బీపీ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉన్నవాళ్ళలో రెండు మార్పులొస్తాయి. ఒకటి, ఆ లష్కరు ఎత్తు మట్టానికే అలవాటు పడతాడు. 160 ఉంటేనే మామూలని అనుకుంటాడు, 130కి దింపితే ఏదో తగ్గిపోయిందని కంగారు పడతాడు. రెండోది, వయసుతోనూ బీపీతోనూ రక్తనాళాల గోడలు గట్టిపడి సరిగ్గా సాగవు. గోడ సాగకపోతే దానిలోని నరాల కొసలకి ఒత్తిడి మారిందన్న సంగతి మసకగానే తెలుస్తుంది. తూము దించడం ఆలస్యమవుతుంది, దించినా సగమే దించుతాడు.

ఇప్పుడు ఈ కాలవకి పైనుంచి వచ్చే నీటిని కొంచెం తగ్గించామనుకోండి. నీరు తీసే మాత్ర మొదటి రోజుల్లో చేసేది అదే. మూత్రపిండాలు ఉప్పును, దానితో పాటు నీటిని బయటికి పంపేలా చేస్తుంది. రక్తంలోని నీటి పాలు తగ్గుతుంది, గుండె ఒక్కో దెబ్బకి పంపే రక్తం తగ్గుతుంది, బీపీ దిగుతుంది. శరీరం ఊరుకోదు. బారోరిఫ్లెక్స్ నరాలని మేల్కొలుపుతుంది, మూత్రపిండాలు రెనిన్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతాయి, దాని వెనకే యాంజియోటెన్సిన్ పెరిగి రక్తనాళాలు బిగుస్తాయి. ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచేసరికి రక్తంలో నీటి పాలు దాదాపు పాత స్థాయికి వచ్చేస్తుంది. అయినా బీపీ తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే అప్పటికి చిన్న రక్తనాళాలు మెల్లగా వదులయ్యాయి. 'సత్తువంతా మూత్రంలో పోతుంది' అన్న మీ పక్కింటివాళ్ళ మాటకి ఇదే నా జవాబు. మొదటి వారాల్లో నీరు పోవడం నిజమే. ఆ తర్వాత ఈ మందు ఎక్కువగా పనిచేసేది రక్తనాళాల మీద. అది నరాలని పాడుచెయ్యదు. నరాల మీద పని పెంచుతుందంతే. ఆ పని చెయ్యగలిగిన వాళ్ళకి ఏమీ తెలియదు, చెయ్యలేని వాళ్ళకి కళ్ళు బైర్లు కమ్ముతాయి.

టెల్మిసార్టన్ పక్కన చేరితే ఇంకో మెలిక ఉంది. ఇందాక చెప్పిన యాంజియోటెన్సిన్ పనిని అడ్డేది అదే. అంటే నీటి మందు బీపీని దించుతుంటే శరీరం ఎదురు తిరగకుండా రెండో మందు చెయ్యి పట్టుకుంటుంది. ఈ జంట బీపీని అంత బాగా తగ్గించేది ఇందుకే. లేవగానే మొదట్లో కొందరికి కళ్ళు చీకట్లు కమ్మేదీ ఇందుకే.

కానీ మీ నాన్నగారు మొదలుపెట్టి రెండు నెలలైంది. మొదటి వారాల్లో వచ్చి పోవాల్సిన ఇబ్బంది ఇంకా పోలేదంటే, తప్పంతా ఆ బిళ్ళదే కాకపోవచ్చు. మీ ఉత్తరంలో నా కళ్ళు రెండు చోట్ల ఆగాయి. ఒకటి టామ్సులోసిన్. ప్రోస్టేట్ దగ్గర కండరాన్ని వదులు చేసి మూత్రం సాఫీగా వచ్చేలా చేస్తుంది, మంచి మందు. అయితే రక్తనాళాలని బిగించమని వచ్చే నరాల కబురుని కూడా అది కొంతవరకు అడ్డుకుంటుంది. రాత్రి వేసుకున్న ఆ మందు తెల్లవారుజామున ఇంకా పనిలో ఉంటుంది. ఆయన కూలబడింది కూడా సరిగ్గా ఆ వేళే, అందులోనూ మూత్రానికి వెళ్ళి వస్తూ. నిండిన మూత్రాశయం ఒక్కసారి ఖాళీ అయినప్పుడు బీపీ కొంచెం పడటం మామూలే. ఆ బీపీ బిళ్ళ, టామ్సులోసిన్, మూత్రానికి వెళ్ళిరావడం, మూడూ కలిశాయి.

ఇది సరిహద్దు ఊళ్ళలో నేను పదే పదే చూసిన ఇబ్బంది. బీపీ చీటీ ఒడిశా వైపు డాక్టరుది, ప్రోస్టేట్ చీటీ ఆంధ్రా వైపు డాక్టరుది. ఒకరు రాసింది ఇంకొకరు చూడరు. కొందరికైతే ఇటు డాక్టరు ఒక నీటి మాత్ర, అటు డాక్టరు ఇంకో నీటి మాత్ర వేరే పేర్లతో రాసినవి రెండూ కడుపులోకి పోతుంటాయి. బిళ్ళ పేరు చివర 'హెచ్' గానీ 'సీటీ' గానీ ఉంటే చాలాసార్లు అందులో నీరు తీసే మందు కలిసి ఉందని అర్థం. పట్టీ వెనక చిన్న అక్షరాల్లో రాసిన మందుల పేర్లు కూడా చదవండి. ఇంట్లో ఉన్న అన్ని పట్టీలూ, కంటి చుక్కలతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళి డాక్టరుగారి బల్ల మీద పెట్టండి. మాటల్లో చెప్పడం కన్నా అది మేలు.

రెండోది షుగర్. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే పాదాల్లో తిమ్మిరి వచ్చినట్టే, గుండెకీ రక్తనాళాలకీ వెళ్ళే నరాలు కూడా మొద్దుబారొచ్చు. అప్పుడు కబురు పంపినా గుండె వేగం పెంచదు. దీన్ని ఇంట్లోనే కొంతవరకు పట్టుకోవచ్చు. నేనడిగిన అంకెలు అందుకే.

పొద్దున లేవగానే నాన్నగారిని ఇంకా మంచం మీదే ఐదు నిమిషాలు ప్రశాంతంగా పడుకోనివ్వండి. అలాగే బీపీ మిషన్‌తో చూసి, బీపీ, నాడి వేగం రెండూ రాసుకోండి. తర్వాత లేపి నిలబెట్టండి. పక్కన మనిషి పట్టుకోవడానికి సిద్ధంగా ఉండాలి, వెనక కుర్చీ ఉండాలి. నిలబడ్డ ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకి ఇంకోసారి చూడండి. చెయ్యి వేలాడెయ్యకుండా గుండె ఎత్తులో దేనిమీదైనా ఆనించాలి. మధ్యలో కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోబెట్టెయ్యండి, అంకె ముఖ్యం కాదు. పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడినా, కింది అంకె 10 గానీ ఎక్కువ గానీ పడినా, అది లెక్కలోకి తీసుకోవాల్సిన పతనం. ఇక నాడి చూడండి. ఉదాహరణకి పడుకున్నప్పుడు 150/84, నాడి 72 ఉండి, నిలబడ్డాక 122/74, నాడి 98 అయిందనుకోండి. రిఫ్లెక్స్ గట్టిగానే ప్రయత్నిస్తోంది, ఒంట్లో నీరు, ఉప్పు చాలడం లేదు, అంటే నీటి మందు ఎక్కువైందేమో చూడాలి. అదే బీపీ అంత పడినా నాడి 75 దగ్గరే ఉండిపోతే, నరాలే మొద్దుబారాయన్న అనుమానం వస్తుంది. అప్పుడు మార్చాల్సింది వేరు. గుండె వేగాన్ని తగ్గించే అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్ళలో మాత్రం నాడి ఎలాగూ అంతగా పెరగదు, వాళ్ళకి ఈ లెక్క పనికిరాదు. ఇప్పుడు మాత్ర మానేసి ఉన్నారు కాబట్టి రేపు వెళ్ళేముందు ఒకసారి తీయండి, డాక్టరుగారు మళ్ళీ మందు మొదలుపెట్టాక రోజూ పొద్దున తీస్తూ ఒక వారం రాయండి. ఆ రెంటి తేడాలోనే జవాబుంటుంది.

ఈ విషయంలో నాకొక బాధ ఉంది, దాచుకోను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా అందరినీ కూర్చోబెట్టే బీపీ చూసేవాణ్ణి. ఒక పెద్దాయనకి నీరు తీసే మాత్ర రాసి, నెల తర్వాత 130/78 చూసి సంతోషపడి పంపేశాను. లేచినప్పుడు ఎలా ఉందని అడగలేదు. వారం తిరక్కుండా ఆయన దొడ్లో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ఆ తర్వాత ఆయన మునుపటిలా నడవలేదు. అరవై దాటిన ఎవరినైనా నిలబెట్టి బీపీ చూడకుండా ఈ మందు రాయడం నేను ఆ రోజే మానేశాను. మీ డాక్టరుగారు కూర్చోబెట్టి చూసిన 136/80 తప్పు అంకె కాదు, అది సగం అంకె. రేపు వెళ్ళినప్పుడు 'ఒకసారి నిలబెట్టి చూడండి సార్' అని అడగడానికి మొహమాటపడకండి.

రక్తపరీక్షలు కూడా చేయించండి: సోడియం, పొటాషియం, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. ఈ రకం మందుతో పెద్దవాళ్ళలో సోడియం పడిపోవడం అరుదు కాదు. అప్పుడు నీరసం, అయోమయం, మాట తడబడటం, తూలడం వస్తాయి, కూర్చున్నా తగ్గవు. పొటాషియం బాగా తగ్గితే పిక్కలు పట్టేస్తాయి, గుండె లయ తప్పొచ్చు. గుండె దెబ్బతింటుందా అని అడిగారు కదా, జాగ్రత్త పడాల్సింది ఇక్కడే, అదీ పరీక్షతో పట్టుకోగలిగినదే. ఎవరో చెప్పారని రోజూ కొబ్బరి బొండాలు తాగించడం మాత్రం వద్దు. టెల్మిసార్టన్ పొటాషియంని పెంచుతుంది, నీటి మందు తగ్గిస్తుంది, ఆయనలో ఏది పైచేయో పరీక్ష చూడకుండా చెప్పలేం. మోకాళ్ళ నొప్పులకి మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్ లాంటి బిళ్ళలు కొనుక్కునే అలవాటుంటే వెంటనే మాన్పించండి. టెల్మిసార్టన్, నీటి మందు, నొప్పి బిళ్ళ ఈ మూడూ ఒకేసారి పడితే మూత్రపిండాలకి రక్తం అందడం ప్రమాదకరంగా తగ్గుతుంది. మీకు ఎంతో దూరం లేని ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఎన్ని ఇళ్ళు అవస్థపడుతున్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడి జబ్బుకి కారణం వేరే చర్చ, కానీ ఆ చుట్టుపక్కల మనుషులు నొప్పి బిళ్ళల విషయంలో అందరికన్నా జాగ్రత్తగా ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఇంత చెప్పాక మీరు 'అయితే ఆ నీటి మందు శాశ్వతంగా వద్దులెండి' అనుకుంటారేమో. అలా అనుకోకండి. 2008లో వెలువడిన హైవెట్ అనే పెద్ద అధ్యయనంలో 80 ఏళ్ళు దాటిన 3,845 మంది బీపీ రోగులని తీసుకున్నారు. సగం మందికి ఇండపమైడ్ అనే నీరు తీసే మందుతో వైద్యం మొదలుపెట్టి, చాలకపోతే ఇంకోటి కలిపారు. మందు వాడినవాళ్ళలో మరణాలు, పక్షవాతం తగ్గడంతో అధ్యయనాన్ని అనుకున్న గడువుకన్నా ముందే ఆపారు, గుండె వైఫల్యం కూడా స్పష్టంగా తగ్గింది. ఎనభై దాటినవాళ్ళకే అంత మేలు చేసిన మందు డెబ్భై ఒకటికి వద్దనడం న్యాయం కాదు. అయితే అందులో ఇంకో ముఖ్యమైన సంగతుంది. చేర్చుకునేముందు ప్రతి ఒక్కరికీ నిలబెట్టి బీపీ చూశారు, నిలబడ్డప్పుడు పై అంకె 140 కన్నా తక్కువున్నవాళ్ళని చేర్చుకోలేదు. నేను మిమ్మల్ని అడుగుతున్నది కూడా ఆ జాగ్రత్తే. పైగా నెలల తరబడి బీపీ నెమ్మదిగా అదుపులోకి వస్తే, ఎత్తు మట్టానికి అలవాటు పడ్డ ఆ రిఫ్లెక్స్ కూడా కొత్త మట్టానికి సర్దుకుంటుంది.

నీటి మందుల్లో అన్నీ నరాల మీద ఒకేలా పనిచెయ్యవు. మీ నాన్నగారి బిళ్ళలో ఉన్నలాంటి థయజైడ్ రకాలు నరాల హడావిడిని కొంత పెంచుతాయి. ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ బారోరిఫ్లెక్స్‌ని మొద్దుబారుస్తుంది, దాన్ని అడ్డే స్పైరొనోలాక్టోన్ అనే ఇంకో నీటి మందు నరాల హడావిడిని అలా పెంచదు. కానీ టెల్మిసార్టన్‌తో కలిస్తే పొటాషియం బాగా పెరగొచ్చు కాబట్టి అది మీరు అడిగి రాయించుకునే మందు కాదు.

ఈలోగా ఇంట్లో చెయ్యాల్సినవి. మెలకువ రాగానే ఒక పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగించండి. గుండె వైఫల్యం ఉందని గానీ, నీళ్ళు తగ్గించమని గానీ డాక్టరు చెప్పి ఉండకపోతేనే సుమా. తర్వాత మంచం అంచున కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు పైకీ కిందకీ ఆడించి, పిక్కలు బిగించి వదిలి, అప్పుడు లేవమనండి. రాత్రిపూట మూత్రానికి మంచం పక్కనే ఒక డబ్బా పెట్టండి, లేదా కూర్చుని పొయ్యమనండి. పెద్దవాళ్ళు దీనికి ఒప్పుకోరు, సిగ్గుపడతారు. కొడుకో అల్లుడో నచ్చజెప్తే వింటారు. మీది పాత పద్ధతి మరుగుదొడ్డి అయితే ఇంకా జాగ్రత్త, గొంతుకూర్చుని గబుక్కున లేచినప్పుడు బీపీ పడినంతగా ఇంకెప్పుడూ పడదు. పట్టుకుని లేవడానికి గోడకి ఒక గట్టి కడ్డీ బిగించండి. మంచం తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెడితే రాత్రి మూత్రం తగ్గుతుంది, పొద్దున బీపీ పడటమూ తగ్గుతుంది. కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయనిపించగానే నడిచి ఎక్కడికో చేరుకోవాలని చూడొద్దు, ఉన్నచోటే కూర్చోవాలి.

తిండిలో ఉప్పు సంగతి. మీ వైపు ఎండాకాలం వస్తే పఖాళో చద్దన్నమో, పక్కన ఎండుచేప, నంజుకోవడానికి ఊరగాయ. ఆ ఒక్క పూటలోనే రోజుకి సరిపడా ఉప్పు, అంటే 5 గ్రాములు, దాటిపోతుంది. అంత ఉప్పు తింటే నీటి మందు పనిచెయ్యదు, డాక్టరు మోతాదు పెంచుతారు. తర్వాత ఎవరో చెప్పారని ఒక్కసారిగా చప్పిడి తిండికి మారితే, పెంచిన మోతాదుకి ఎండ చెమట కూడా తోడై మనిషి పడిపోతాడు. అందుకే ఉప్పు తగ్గించండి, కానీ నెమ్మదిగా, డాక్టరుకి చెప్పి తగ్గించండి. చద్దన్నం మానక్కర్లేదు, మజ్జిగ, ఉల్లిపాయతో తినమనండి. చేప మాత్రం వారానికి ఓ రోజుకి పెట్టుకోండి. వాంతులో విరేచనాలో పట్టుకున్న రోజు ఈ మాత్ర ఆపాలా అన్నది ఇప్పుడే అడిగి చీటీ మీద రాయించుకోండి, అర్ధరాత్రి అడగడానికి ఎవరూ దొరకరు.

స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి 108కి ఫోన్ చెయ్యండి. పడినప్పుడు తలకి దెబ్బ తగిలితే, అప్పటికి బాగానే ఉన్నా సరే, ఆస్పత్రిలో చూపించండి.

ఇక రైలు ప్రయాణం. దారిలో మాటిమాటికీ బాత్రూంకి లేవాలని చాలామంది ఆ రోజు మాత్ర మానేస్తారు, నాకు తెలుసు. కదిలే రైల్లో లేచి నడవడం మీ నాన్నగారి లాంటివాళ్ళకి నిజంగానే ప్రమాదం. కానీ మానెయ్యాల్సిన పని లేదు. హైడ్రోక్లోరోథయజైడ్ వేసుకున్న రెండు గంటలకి మూత్రం మొదలై, నాలుగు గంటల దగ్గర జోరందుకుని, ఆరు నుంచి పన్నెండు గంటలు ఉంటుంది. మళ్ళీ అదే మందు రాస్తే, ఆ ఒక్క రోజు విశాఖపట్నం చేరాక వేసుకోవచ్చా అని డాక్టరుగారిని అడగండి, చాలామటుకు ఒప్పుకుంటారు. బాత్రూం దగ్గరి సీటు, కిందిది, చూసుకోండి. ఆయన లేచిన ప్రతిసారీ మీరు కూడా లేచి వెనకే నడవండి.